కాపలావాడి గొంతు

మే నెలలో ఒక మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు, మా పాకలో నేను ఒక పిల్లల పుస్తకం తెరిచాను. టైము ఇంత కచ్చితంగా చెప్పగలగడం నా జ్ఞాపకశక్తి వల్ల కాదు. మా అమ్మాయి నా ఫోనులో వీడియో తీసింది, అందులో ఉంది. నా జ్ఞాపకశక్తి మీద నాకున్న నమ్మకం ఆ సాయంత్రంతోనే పోయింది.

మాది నూజివీడు దగ్గర ఊరు. ఎనిమిదెకరాల మామిడి తోట. ఎక్కువగా బంగినపల్లి, గట్ల వెంట కొన్ని రసాలు. నేను హనుమాన్ జంక్షన్‌లో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. వేసవి సెలవుల్లో తోట పని చూసుకుంటాను. మా అమ్మ పోయిన నవంబరులో చనిపోయింది. ఆమె లేకుండా వచ్చిన మొదటి కాపు ఇది.

తోటలో కోసిన కాయ పాకకు చేరుతుంది. అక్కడ వరిగడ్డి పరిచి ఉంటుంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఒక్కో కాయకూ తొడిమ విరిచి, సొన కారిపోయేదాకా గడ్డి మీద బోర్లిస్తారు. సొన తొక్క మీదికి జారితే నల్లగా కాలినట్టు మచ్చ పడుతుంది. ఆ కాయను కొనేవాళ్ళు పక్కన పడేస్తారు. సొన ఆరాక సైజు చూసి ఏరి ట్రేలలో సర్దుతారు. మాటల్లో పడితే చెయ్యి తప్పుతుందని మా అమ్మ నమ్మకం. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. కాయలు ఏరినంతసేపూ తను స్టూలు మీద కూర్చుని ఒక పుస్తకం పైకి చదివేది. పిల్లల పుస్తకమే. అన్నయ్యా నేనూ గడ్డి మీద కూర్చుని వినేవాళ్ళం. మేము అల్లరి చెయ్యం, వాళ్ళు కబుర్లు చెప్పుకోరు.

"ఒక్క పుస్తకంతో అందరి నోళ్ళూ మూయిస్తాను" అనేది అమ్మ.

ఆ మాట మాకు సరదాగా ఉండేది. పక్క తోటల వాళ్ళు కూడా మా పాకలో కథలు చదువుతారని చెప్పుకునేవారు. నాకు గర్వంగా ఉండేది.

ఆ పుస్తకాలు మొత్తం పదకొండు. అమ్మ పెళ్ళి కాకముందు బెజవాడలో పాత పుస్తకాల కొట్లో కొన్నవి. పలచటివి, పెద్ద అక్షరాలు, రెండే రంగుల్లో బొమ్మలు. పిన్నులు తుప్పు పట్టి మధ్య పేజీల మీద గోధుమరంగు మరకలు. వేపాకు వేసి రేకు పెట్టెలో దాచేది. సొన చేతులతో ముట్టుకోవద్దనేది, మా చేతులకు వేసవంతా సొనే. అందుకని మేము వాటిని వినడమే గానీ చేతిలోకి తీసుకున్నది తక్కువ. నాకు చదవడం వచ్చేసరికి అవన్నీ కంఠతా వచ్చేశాయి. కంఠతా వచ్చిన పుస్తకాన్ని ఎవరూ చదవరు. పేజీలు తిప్పుతారు, అంతే.

మాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక తోట కాపలావాడి కథ. మునిమాపు వేళ. తోటలో ఏడు చెట్లు. ఒక కోతి ఒక చెట్టు మీది నుంచి ఇంకో చెట్టు మీదికి దూకుతూ కాయలు తింటూ ఉంటుంది. ప్రతి చెట్టు కిందా కాపలావాడు ఆగి "ఎవరక్కడ?" అని అడుగుతాడు. ఆ మాట అమ్మ మామూలుగా అనేది కాదు. "ఎ... ఎ... ఎవ్... ఎవ్..." అని కళ్ళు గట్టిగా మూసి తెరిచి, గడ్డం ఒక్కసారి పైకెత్తి, మాటను బయటికి తోసేది. చెట్టు చెట్టుకీ అది ఇంకా సాగేది. ఏడో చెట్టు దగ్గర కాపలావాడు ఆ మాట పూర్తి చేసేలోపు కోతి ఆఖరి పండు తినేసి, టెంకను అతని నెత్తిన వేసి వెళ్ళిపోయేది. మేము పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. పాకంతా నవ్వేది.

మా తోటకూ ఒక కాపలా మనిషి ఉండేవాడు. పొడుగ్గా, సన్నగా, చేతిలో వెదురు కర్రతో. కాయలు ఏరేటప్పుడు నిండిన గంపలు మొయ్యడానికి పాక గుమ్మంలో నిలబడి ఉండేవాడు. మా అమ్మ కంటే పదేళ్ళు పెద్ద. ఆమె అతన్ని నువ్వు అనేది, మేమూ నువ్వు అనేవాళ్ళం. పేరుతో పని పడలేదు, 'కాపలా' అని పిలిస్తే వచ్చేవాడు. అతను మాట్లాడడు. ఏది అడిగినా కర్రతో చూపించేవాడు. రాలిన కాయ ఎక్కడుందో, పాము ఎటు పోయిందో, అన్నీ కర్రతోనే. నాకు అతనంటే ఇష్టం. ఎక్కువ మాట్లాడకుండా కూడా మనిషి బతకవచ్చని అతన్ని చూసే తెలుసుకున్నానని చాలాకాలం అనుకున్నాను. నా ఉద్యోగం తొలి రోజుల్లో అతను చనిపోయాడు. నేను వెళ్ళలేదు.

మేము పెద్దయ్యాక పాకలో చదవడం ఆగిపోయింది. తరవాత రేడియో వచ్చింది, ఆ తరవాత ఎవరి ఫోను వాళ్ళకి. చివరి సంవత్సరాల్లో అమ్మకు చూపు ఆనలేదు. నా పిల్లలు కథ చదవమంటే, "మీ అమ్మకు అన్నీ వచ్చు, ఆమెనడగండి" అనేది. నేను ఇవాళా రేపూ అని వాయిదా వేశాను. అమ్మ పోయాక ఆమె గొంతు రికార్డు చేసింది ఏదీ మా దగ్గర లేదని తెలిసింది. ఫోనులో ఫొటోలున్నాయి, మాట లేదు. ఆ కాపలావాడి కథను ఆమె చదివినట్టు చదివితే, కనీసం ఆ ఒక్కటీ పిల్లలకు అందుతుందనుకున్నాను. ఇంకేదీ నా చేతిలో లేదు.

అందుకని ఆ మంగళవారం రేకు పెట్టె పాకలోకి తెప్పించి, అమ్మ స్టూలు వేయించాను. పాకలో ఆరుగురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళకు మేస్త్రి, మా కాపలా మనిషి కూతురే. యాభై ఏళ్ళుంటాయి. చిన్నప్పటి నుంచీ మా పాకలోనే కాయలు ఏరింది. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను అమ్మాయిగారూ అంటుంది.

"మీరు చదువుతారా అమ్మాయిగారూ? అమ్మగారు పోయాక ఈ పాక పాడుబడ్డట్టుందండి" అంది అందరిలోకి ముసలావిడ.

"ఫోన్లు కట్టెయ్యండే" అని ఇంకొకామె మిగతావాళ్ళను అదిలించింది. "లెక్చరర్ గారు పాఠం చెబుతున్నారు. రేపు పరీక్ష పెడతారు."

"నాకు పాస్ మార్కులు చాలు తల్లీ" అంది ఆమె పక్కన కూర్చున్నావిడ.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఆరు. వాడు గడ్డి మీద బోర్లా పడుకున్నాడు. అమ్మాయి ఫోను పట్టుకుంది. నేను మొదలుపెట్టాను.

మొదటి చెట్టు దగ్గర ఆ గొంతు వస్తుందో రాదో అని భయపడ్డాను. వచ్చింది. కళ్ళు మూసుకోవడం, గడ్డం ఎత్తడం, మాటను తొయ్యడం, అన్నీ నేను తలుచుకోకుండానే వచ్చాయి. నా నోట్లోంచి మా అమ్మ మాట్లాడినట్టయింది. మా అబ్బాయి గడ్డిలో దొర్లాడు. పాకంతా నవ్వింది.

"అచ్చం అమ్మగారే! ఆ గడ్డం ఎత్తడం కూడా ఆవిడదే!" అంది ముసలావిడ.

నాలుగో చెట్టు నుంచి మా వాడు నాతో పాటు అనడం మొదలుపెట్టాడు. ఏడో చెట్టు దగ్గర మా అమ్మాయి కూడా. ముగ్గురం కలిసి "ఎ... ఎ... ఎ..." అంటున్నాం. ఫోను ఊగిపోయి వీడియోలో కాసేపు పాక కప్పు మాత్రమే కనిపిస్తుంది.

కథ అయింది. అక్క చేతిలో కాయను గడ్డి మీద బోర్లించి, ముసలావిడతో, "అమ్మగారు కాదు పిన్నీ, అచ్చం మా నాన్న" అంది. మామూలుగానే అంది.

ఒకరిద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె తండ్రి కూడా ఈ కథ చెప్పేవాడేమో అనుకున్నాను. "మీ నాన్న కూడా చెప్పేవాడా ఈ కథ?" అని అడిగాను. ఆ ప్రశ్న, దానికి ముందు నా నవ్వు, రెండూ వీడియోలో స్పష్టంగా వినిపిస్తాయి.

"చెప్పేవోడు కాదండి" అంది. "మా నాన్న మాట్లాడితే అట్టా ఉండేది."

ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడవన్నీ ఎందుకే, కాయ చూడు" అంది ముసలావిడ మెల్లగా. వీడియో అక్కడ ఆగింది.

నేను తల వంచి పుస్తకంలోకి చూశాను. ఎవరి మొహమూ చూడలేక అని ఇప్పుడు రాయవచ్చు. నిజానికి నేను సాక్ష్యం కోసం చూశాను. ఆ తడబాటు అచ్చులో ఉంటుంది, రాసినవాళ్ళు అలా రాశారు, మా అమ్మ ఉన్నదున్నట్టు చదివింది అనుకున్నాను. మొదటి చెట్టు పేజీ తీశాను. "ఎవరక్కడ?" అని కాపలావాడు గట్టిగా అడిగాడు, అని ఉంది. రెండో చెట్టు, మూడో చెట్టు. ప్రతి పేజీలోనూ అదే వాక్యం. గట్టిగా అడిగాడు. ఏడో చెట్టు దగ్గర ఆ మాట వినగానే కోతి అదిరిపడి, చేతిలో పండు వదిలేసి పారిపోయింది. మిగిలిన పండ్లతో కాపలావాడు ఇంటికి వెళ్ళాడు. టెంక లేదు. నలభై రెండేళ్ళు వచ్చాయి నాకు. పుస్తకాలే నా బతుకుతెరువు. నా జీవితంలో మొదటి పుస్తకాన్ని నేను అప్పుడే మొదటిసారి చదివాను.

పని అయ్యాక ఆడవాళ్ళు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటారు. సొన నీళ్ళతో పోదు, ముందు కొబ్బరినూనె రాసుకోవాలి. మిగతావాళ్ళు ఆటో ఎక్కడానికి నడిచారు. అక్క ఒక్కతే చేతులకు నూనె రాసుకుంటోంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అక్కా, మీ నాన్నకు నత్తి ఉండేదని నాకు తెలీదు."

"మీకెట్టా తెలుస్తదండి. మీ దొడ్లో మాట్లాడేవోడు కాదుగా."

"ఎక్కడా మాట్లాడేవాడు కాదు కదా?"

ఆమె నా వైపు చూసింది. "ఎవరు, మా నాన్నా? ఇంటికొస్తే ఆపేవోడే కాదండి. నత్తితోనే, గంటల కొద్దీ. మా అమ్మ చెవులు మూసుకునేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆయనే. పాటలో నత్తి వచ్చేది కాదు ఆయనకి. ఒక్క మాటా తడబడేవోడు కాదు."

"మరి ఇక్కడ?" అన్నాను.

"పన్లోకొచ్చిన కొత్తలో మాట్లాడేవోడంట. ఆ యేడు కాపుకి అమ్మగారు ఆ కథ చదివారు. అప్పట్నించి నోరు తెరవలేదు. మా అమ్మ రేగిపోయేది, అక్కడ పని మానెయ్యి అని. 'ఆవిడ నన్నేమన్నా తిట్టిందా, కథేగా' అనేవోడు."

"నువ్వు కూడా ఉండేదానివి కదా పాకలో."

"ఉన్నాను. నవ్వాను కూడా." కుళాయి తిప్పింది. "అందరూ నవ్వుతుంటే పన్నెండేళ్ళ పిల్ల ఏం చేస్తదండి. ఆయన గుమ్మంలో నుంచోనుంటే నవ్వాను. ఇంటికెళ్ళాక ఆయనెప్పుడూ అడగలేదు, ఎందుకు నవ్వావని."

చేతులు కడుక్కుంటూ తనే అంది. "అమ్మగారు చెడ్డావిడ కాదండి. నా మొదటి కాన్పు కష్టమైతే కారు పెట్టించి నూజివీడు ఆస్పత్రికి తీసుకుపోయిందావిడే. రాత్రంతా బెంచీ మీద కూర్చుంది. అదీ నిజమే, ఇదీ నిజమే."

ఆమె తండ్రి పేరు అడిగాను. చెప్పింది. ఆ పేరు వినడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి ఆ వీడియోను అన్నయ్యకు పంపేసింది. "అమ్మ దిగొచ్చింది. మళ్ళీ మళ్ళీ చూస్తున్నాం" అని జవాబు వచ్చి ఉంది. నేను జవాబు రాయలేదు. పిల్లలకు ఎలా చెప్పాలో తేల్చుకోలేక ఆ పూటకు ఊరుకున్నాను. అది తప్పయింది.

మర్నాడు ఉదయం అక్క గేటు తీసుకుని లోపలికి వస్తోంది. మా వాడు అరుగు మీద నిలబడి, ఆమెను చూసి, కళ్ళు మూసి, గడ్డం ఎత్తి, "ఎ... ఎ... ఎవ్... ఎవరక్కడ?" అన్నాడు. వాడికి ఆమె తండ్రి తెలియదు, ఆ పాత రోజులు తెలియవు. ఎదురుగా వచ్చిందని అన్నాడు. కానీ ఆ కళ్ళు, ఆ గడ్డం అచ్చం పట్టేశాడు. ఒక్క సాయంత్రం సరిపోయింది. మా అమ్మ నుంచి నాకు, నా నుంచి వాడికి.

"నేనేనయ్యా" అని అక్క పాకలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఎవరి గొంతో చెప్పాను. ఆయన పేరు చెప్పాను. మా వాడు "నాకు తెలీదుగా" అని ఏడవబోయాడు. నీ తప్పు కాదు, నేనే నేర్పాను అన్నాను. మా అమ్మాయి తమ్ముణ్ణి దగ్గరికి తీసుకుంది. తరవాత అడిగింది.

"అమ్మమ్మకి తెలుసా, ఆయన వింటున్నాడని?"

తెలిసుండదు అనబోయాను. అప్పుడే స్టూలు గుర్తొచ్చింది. నిన్న దాన్ని ఎక్కడ వెయ్యాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అమ్మ ఎప్పుడూ వేసుకునే చోటే, గడ్డికి ఆ చివర, గుమ్మానికి ఎదురుగా. చదువుతూ చదువుతూ ఆ మాట దగ్గర ఆమె పుస్తకం దించి తలెత్తేది. మా నవ్వు చూడటానికి తలెత్తుతుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మేము కింద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళం. మమ్మల్ని చూడాలంటే తల దించాలి.

"తెలుసు" అన్నాను.

"అయితే ఎందుకు చేసింది?"

నాకు తెలియదని చెప్పాను. ఇప్పటికీ తెలియదు. ఆస్పత్రి బెంచీ మీద రాత్రంతా కూర్చున్న మనిషీ, గుమ్మం వైపు తలెత్తిన మనిషీ ఒక్కరే. ఈ రెంటినీ కలిపి చూడటం నాకు రావడం లేదు. ఆమె ఉంటే అడిగేదాన్ని అని కూడా అనలేను. ఉన్నన్నాళ్ళూ అడగాల్సింది ఉందనే నాకు తెలియదు.

ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద ఆ పుస్తకాన్ని అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాను. "ఎవరక్కడ?" అని కాపలావాడు గట్టిగా అడిగాడు. ఏడుసార్లు. నా గడ్డం రెండుసార్లు దానంతటదే లేవబోయింది. ఆపుకున్నాను.

"ఇది ఆ కథ కాదు. నవ్వు రావట్లేదు" అన్నాడు మా వాడు.

"పండ్లు మిగిలాయా?" అని అడిగింది అమ్మాయి.

"మిగిలాయి."

"ఇంటికి తీసుకెళ్ళాడా?"

"తీసుకెళ్ళాడు."

ఆమె పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, ఏడో చెట్టు బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసింది. కాపలావాడు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. నేను చిన్నప్పుడు ఆ నోరు చూసి, మాట రాక తెరిచాడనుకున్నాను.

వీడియో నా ఫోనులోంచి తీసేశాను. అన్నయ్యకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అంతా విన్నాడు. తరవాత "నువ్వు చెప్పకపోతే బాగుండేది" అన్నాడు. వాళ్ళింట్లో వీడియో ఉందో లేదో నేను అడగలేదు.

అక్కతో తప్పయిందని చెప్పాను. "ఊరుకోండి అమ్మాయిగారూ, ఎప్పటి మాట" అంది. ఆమె క్షమించింది అని నేను రాసుకోను. ఆమె అలా అనలేదు. మా వాడు మాత్రం తనంతట తానే వెళ్ళి ఆమె దగ్గర నిలబడి, "మీ నాన్న ఏం పాట పాడేవాడు?" అని అడిగాడు. ఆమె కాయ కింద పెట్టి, గొంతు సవరించుకుని రెండు చరణాలు పాడింది. పాకలో మిగతావాళ్ళలో ఇద్దరు అందుకున్నారు. వాళ్ళకూ వచ్చు ఆ పాట.

మిగతా పది పుస్తకాలను ఇంట్లోనే, ఒక్కొక్కటిగా, ముందు నేను చదివి చూసుకుని, తరవాత పిల్లలకు చదువుతున్నాను. కాపలావాడి పుస్తకం అమ్మాయి తన బడి పుస్తకాల మధ్య పెట్టుకుంది. కాపు ముగిసేదాకా పాకలో నేనూ వాళ్ళతోపాటు గడ్డి మీదే కూర్చుని తొడిమలు విరిచాను. అందరిలోకీ నేనే నిదానం. "లెక్చరర్ గారికి పాస్ మార్కులే" అని ఏడిపించారు. వాళ్ళు కాలేజీ సీట్ల గురించి, కోడళ్ళ గురించి, బస్సు రాకపోవడం గురించి మాట్లాడుకుంటారు. చేతులు తప్పలేదు. మచ్చ పడ్డ కాయలు ఎప్పుడూ ఉన్నన్నే ఉన్నాయి.

కాయలు ఏరేటప్పుడు మా పాకలో ఇప్పుడు ఎవరూ పుస్తకం చదవడం లేదు.